రేడియేటర్ పైపు కారుతుంటే ఇంట్లోనే ఏమి చేయవచ్చు?

ఒకప్పుడు మన పల్లెల్లో కారు అంటే ఎవరో ఒకరిద్దరికి మాత్రమే ఉండేది. ఇప్పుడట్లా కాదు. చిన్న ఊళ్ళల్లో కూడా నాలుగైదు పాత కార్లు, ఒక జీపు, అద్దెకు తిప్పే వ్యాను కనిపిస్తూనే ఉన్నాయి. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అంబాసిడర్ కూడా అదే సంవత్సరంలో ఆగిపోయింది. అయినా చేతులు మారి, రంగులు మారి అవి మన వీధుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కాన్పుకు తీసుకుపోవాలన్నా, సంతకు మూటలు వేయాలన్నా, ఆదివారం దూరపు ఊరినుండి ముసలివారిని ఆరాధనకు తేవాలన్నా ఆ బండే దిక్కు.

ఇట్టి పాత బండ్లకు వచ్చే జబ్బులలో చాలా సామాన్యమైనది రేడియేటర్ పైపు కారడం. మెకానిక్కులు దీనినే హోస్ పైపు అంటారు. ఖరీదు చూస్తే కొన్ని వందల రూపాయల రబ్బరు ముక్క. గాని దానిని లెక్కచేయకుండా బండి నడిపితే ఇంజను హెడ్డు వంగిపోతుంది, గాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు ఖర్చు వేలల్లోనికి పోతుంది. బండిని నమ్ముకొని బ్రతికే కుటుంబానికి అది ఒక పంట పోయినంత నష్టం. పైగా తొందరపడి వేడి బండి మూత తీసి ముఖము, చేతులు కాల్చుకున్నవారిని మేము ఎరుగుదుము. అందుకే ఈ పని ఇంట్లో ఎంతవరకు చేయవచ్చో, ఎక్కడ ఆగాలో మన పాఠకులకు వివరముగా వ్రాయాలనుకున్నాము.

మొదట ఈ పైపు చేసే పనేమిటో తెలుసుకుందాం. పెట్రోలు గాని, డీజిలు గాని మండినప్పుడు పుట్టే వేడిలో దాదాపు మూడవ వంతును ఇంజను చుట్టూ తిరిగే నీరే మోసుకొనిపోవాలి. ఇంజనులో వేడెక్కిన నీరు పై పైపు గుండా రేడియేటరులోనికి వస్తుంది. అక్కడ గాలికి చల్లారి, క్రింది పైపు గుండా వాటర్ పంపు దగ్గరకు మరల పోతుంది. ఇంజను కదులుతుంది, వణుకుతుంది. రేడియేటరు మాత్రం బండి చట్రానికి బిగించి ఉంటుంది. కదిలేదానికీ కదలనిదానికీ మధ్య ఇనుప గొట్టం పెడితే నాలుగు రోజుల్లో విరుగుతుంది. అందుకే అక్కడ రబ్బరు పైపు పెట్టారు. రబ్బరు కనుక దానికి వయస్సు ఉంటుంది.

ఆ నీరు బయట కుండలోని నీరు వంటిది కాదు. రేడియేటర్ మూత మీద చూడండి, 0.9 అనో 1.1 అనో ఒక అంకె ఉంటుంది. లోపల అంత ఒత్తిడి వచ్చేవరకు ఆ మూత నీటిని బయటకు వదలదు. ప్రెషర్ కుక్కరు ఎట్లాగో ఇదీ అట్లాగే. 0.9 ఒత్తిడి ఉంటే నీరు 100 డిగ్రీల దగ్గర కాక సుమారు 118 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటే 110 డిగ్రీల వేడిలో కూడా లోపల అది నీరుగానే ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది. ఆ నీటిలో కొంత భాగం అక్కడికక్కడే ఆవిరిగా మారిపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరి వెనుకనున్న మరిగే నీటిని కూడా తోసుకొని మూత తీసినవాని ముఖం మీదికి లేస్తుంది. గుడ్డ వేసి తీసినంత మాత్రాన అది ఆగదు.

పెండ్లికి పోతున్న ఒక జీపు దారిలో ఆగిపోయింది. ముందు భాగం నుండి పొగలాగా ఆవిరి వస్తోంది. వెనుక పదిమంది ఉన్నారు, ముహూర్తానికి ఆలస్యమవుతోందని ఒకటే గోల. డ్రైవరు ప్రక్కన కూర్చున్న కుర్రవాడు భుజం మీది తువ్వాలు వేసి మూత త్రిప్పాడు. ఆ పెండ్లికి ఎవరూ పోలేదు. అందరూ ఆస్పత్రికి పోయారు. కుర్రవాని కన్ను దక్కింది గాని మెడ మీద, చేతి మీద మచ్చ నేటికీ ఉంది. ఇదే కుర్రవాడు ఇప్పుడు మండల కేంద్రంలో స్వంతంగా మెకానిక్ పని చేస్తున్నాడు. బండి వేడిగా వస్తే ముట్టుకోడు. "గంటసేపు టీ త్రాగి రండి అయ్యగారూ, ఈలోగా నేను మూత జోలికి పోను" అంటాడు. తొందరపడేవారికి కాలర్ ప్రక్కకు జరిపి మచ్చ చూపిస్తాడు.

కనుక మొదటి మాట ఇది. బండి ఆపిన తరువాత కనీసం ఒక గంట చల్లారనివ్వాలి. పై పైపును చేత్తో పట్టుకుంటే వేడి తగలకూడదు, నొక్కితే గట్టిగా బిగిసి ఉండకూడదు. అప్పుడే మూత తీయాలి. ఈ రోజుల్లో కొన్ని కార్లకు రేడియేటరు మీద మూత ఉండదు, ప్రక్కన ప్లాస్టిక్ ట్యాంకుకు ఉంటుంది. దానిలోనూ ఒత్తిడి ఉండవచ్చును, కనుక దానికీ ఇదే నియమం. మరొక సంగతి: మారుతి వంటి బండ్లలో రేడియేటర్ ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది. ఇంజను ఆపినా, లోపలి వేడిని బట్టి అది ఉన్నట్టుండి తిరగడం మొదలుపెట్టవచ్చును. చేయి పెట్టేముందు బ్యాటరీ నెగిటివ్ వైరు ఊడదీయండి. చీర కొంగు, తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా దూరంగా ఉంచండి.

ఒకవేళ ఎవరికైనా కాలితే వెంటనే ఆ భాగాన్ని ధారగా పడే చల్లని మంచినీటి క్రింద ఇరవై నిమిషాలు ఉంచండి. ఐసు వద్దు. సిరా, టూత్‌పేస్టు, పేడ, పసుపు, ఏదీ పూయవద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసివేయండి. ముఖం, కన్ను కాలితే 108కు ఫోను చేయండి.

ఎక్కడ కారుతోందో కనిపెట్టడం

కారు క్రింద తడి కనిపించగానే పైపు పోయిందని అనుకోనక్కరలేదు. ఏ.సి. ఉన్న బండి క్రింద మంచినీటి బొట్లు పడడం సహజమే. దానికి రంగు లేదు, వాసన లేదు, చేతికి జిగురు తగలదు. కూలెంటు అయితే ఆకుపచ్చగానో, ఎర్రగానో, నీలంగానో ఉండి వేళ్ళకు కొంచెం జారుడుగా తగులుతుంది, తియ్యని వాసన వేస్తుంది. వట్టి నీళ్ళు పోసిన బండి అయితే తుప్పు రంగు కనిపిస్తుంది. రాత్రి బండి క్రింద ఒక అట్టపెట్టె విప్పి పరచి ఉంచితే తెల్లవారేసరికి బొట్టు ఏ భాగం క్రింద పడిందో అట్టే చెబుతుంది. ముందు సీటులో కాళ్ళ దగ్గర తడిగా ఉండి, అద్దానికి లోపల జిడ్డు ఆవిరి పడుతుంటే అది హీటరు తాలూకు లీకు. ఆ పని ఇంట్లో పెట్టుకోకండి.

బానెట్ ఎత్తి రెండు పైపుల చివరలను చూడండి. కారిన నీరు ఆరిపోయి తెల్లని లేక రంగు చారికలు ఏర్పడి ఉంటాయి. తరువాత చల్లగా ఉన్నప్పుడు పైపును వేళ్ళతో నొక్కి చూడాలి. అయితే చాలామంది మధ్యలో నొక్కి, బాగానే ఉందని వదిలేస్తారు. రబ్బరు మొదట పాడయ్యేది క్లిప్పుకు దగ్గరగా, చివరల నుండి రెండంగుళాల లోపల. అదికూడా లోపలి నుండి. బయటికి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం సన్నని చీలికలు పొడుగునా ప్రాకి ఉంటాయి. చివర నొక్కినప్పుడు మధ్య భాగం కంటే మెత్తగా, బోలుగా తగిలినా, కరకరమన్నా, ఉబ్బి ఉన్నా ఆ పైపు మార్చవలసినదే. ఇంజను ఆయిలు కారి పైపు మీద పడుతుంటే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. అప్పుడు ఆయిలు కారే చోటు కూడా బాగుచేయకపోతే క్రొత్త పైపుకూ అదే గతి.

ఇంజను చల్లారినప్పుడు పైపు రెండు ప్రక్కలా అణగి చప్పిడిగా అయిపోతుంటే లోపం పైపులో కాదు, మూతలో ఉంది. మూతలో గాలిని లోపలికి రానిచ్చే చిన్న వాల్వు పట్టేసి ఉంటుంది. మూత మారిస్తే సరిపోతుంది.

కొన్నిసార్లు పైపు మంచిదే, క్లిప్పు వదులై ఉంటుంది. వేడికి పెరగడం, చల్లారి తగ్గడం రోజూ జరిగే పనే కనుక క్లిప్పు కొంచెం కొంచెంగా వదులవుతుంది. స్క్రూడ్రైవరుతో ఒక అర చుట్టు బిగిస్తే లీకు ఆగిపోవచ్చును. బలమంతా చూపించకండి, రబ్బరు తెగుతుంది. మనం గేరు క్లిప్పు అనే ఈ మరల క్లిప్పును కనిపెట్టినది ఇంగ్లండు నౌకాదళంలో పనిచేసిన లమ్లీ రాబిన్సన్ అనే అధికారి. 1921లో దానికి పేటెంటు పొందాడు. నూరు సంవత్సరాలు దాటినా ఆ చిన్న వస్తువును మించినది మన పనికి రాలేదు. దాని బదులు కట్టుకమ్మీ చుట్టి ప్లయరుతో మెలిపెట్టే అలవాటు మన దగ్గర ఎక్కువ. అది రబ్బరును కోస్తుంది గాని చుట్టూ సమానంగా పట్టదు.

పైపు మార్చే విధానం

క్రొత్త పైపు కొనేటప్పుడు పాతదానిని చేత పట్టుకొని వెళ్ళడం మేలు. బండి పేరు, సంవత్సరం చెప్పినా దుకాణంలో ప్రక్క మోడలుది ఇవ్వవచ్చును. లోపలి వెడల్పు, వంపులు, పొడవు మూడూ కలవాలి. క్రింది పైపులో స్ప్రింగు ఉంటే క్రొత్తదానిలోనూ ఉండాలి. పంపు లాగేటప్పుడు పైపు అణగిపోకుండా అది కాపాడుతుంది. ఇంట్లో ఉన్న పంపుసెట్టు పైపు ముక్కనో, తోటకు నీళ్ళు పెట్టే ప్లాస్టిక్ పైపునో కోసి పెట్టవద్దు. ఆ వేడికి అది మెత్తబడి మడతపడుతుంది. క్లిప్పులు రెండూ క్రొత్తవే తీసుకోండి. ఒక పైపు పోయిందంటే రెండవదానికీ అదే వయస్సు, కనుక వీలైతే రెండూ ఒకేసారి మార్చడం మంచిది.

బండి చల్లగా ఉన్నప్పుడు, సమమైన నేల మీద, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, రేడియేటరు క్రింద వెడల్పాటి పళ్ళెమో, బేసినో ఉంచండి. మూత తీయండి. పై పైపు అయితే ఒకటి రెండు లీటర్లు దించితే చాలు. క్రింది పైపు అయితే మొత్తం దిగిపోతుంది. రేడియేటరు అడుగున నీరు వదిలే బిరడా ఉంటే దానిని త్రిప్పండి, లేకపోతే క్రింది పైపు క్లిప్పు మెల్లగా వదులు చేయండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. కూలెంటులో సామాన్యంగా ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం ఉంటుంది. అది తియ్యగా ఉంటుంది, గాని విషం. శరీరంలోనికి పోయాక ఆమ్లాలుగా మారి మూత్రపిండాలను పాడుచేస్తుంది. కుక్కలు రుచి మరిగి త్రాగుతాయి. దూడలు, కోళ్ళు తిరిగే మన వాకిళ్ళలో దానిని బేసినులో వదిలి భోజనానికి లేచిపోవడం ఎంతమాత్రం తగదు. చల్లని పానీయం సీసాలో పోసి అటక మీద పెట్టడం అంతకంటే ప్రమాదం. పసిబిడ్డ ఒక గుక్క త్రాగిందని అనుమానం వచ్చినా, బాగానే ఆడుకుంటోంది కదా అని ఆగకుండా ఆ డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకుపోవాలి. జబ్బు లక్షణాలు గంటల తరువాత బయటపడవచ్చును. పాత కూలెంటును చెరువులోనో, కాలువలోనో, బావి దగ్గరో పారబోయవద్దు. మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు వ్రాసి, పాత ఇంజను ఆయిలు సేకరించే పెద్ద గ్యారేజీలో తీసుకుంటారేమో అడిగి అప్పగించండి. ఆయిలుతో మాత్రం కలపకండి.

ఇక పని. క్లిప్పులు వదులు చేసి పైపు మధ్యకు జరపండి. పాత పైపు మూతికి అతుక్కొని ఉంటుంది. ముందుకు లాగకండి, మొదట కుడి ఎడమలకు త్రిప్పి కదిలించండి. రాకపోతే బ్లేడుతో నిలువుగా చీల్చి ఒలిచివేయండి. స్క్రూడ్రైవరు దూర్చి పెకిలించవద్దు. పాత బండ్లకు రేడియేటరు మూతి ఇత్తడిది కనుక కొంత ఓర్చుకొనేది, ఇప్పటివాటికి ప్లాస్టిక్, పుటుక్కున విరుగుతుంది. విరిగితే రేడియేటరే మార్చాలి.

మూతి మీద పేరుకున్న తుప్పు, తెల్లని సున్నపు పొర సన్నని గరుకు కాగితంతో శుభ్రం చేసి గుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ మూతి అయితే గుడ్డ మాత్రమే చాలు. క్లిప్పులను ముందే పైపుకు తొడిగి, ఆ తరువాత పైపు ఎక్కించండి. బిగువుగా ఉంటే కొంచెం సబ్బునీళ్ళు రాయండి. గ్రీజు, ఆయిలు రాయకండి, ఆ రబ్బరుకు అవి పడవు. మూతి చివర ఒక ఉబ్బెత్తు అంచు ఉంటుంది. క్లిప్పు ఆ అంచు దాటి లోపలి వైపు కూర్చోవాలి, పైపు చివరి నుండి చిటికెన వ్రేలి గోరంత జాగా వదలాలి. అంచు మీదనే బిగిస్తే నాలుగు రోజుల్లో జారిపోతుంది.

నీరు పోయడం కూడా ఒక పనే. మన వైపు లంబసింగి వంటి చోట్ల తప్ప నీరు గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంటు ఎందుకు అని చాలామంది అడుగుతారు. చలి ఒక్కటే కారణం కాదు. కూలెంటు తుప్పు పట్టనివ్వదు, నీరు మరిగే వేడిని పెంచుతుంది. బోరు నీళ్ళలోని సున్నం రేడియేటరు సన్న గొట్టాలలో పేరుకుంటుంది. మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. చిక్కని కూలెంటు కొంటే సాధారణంగా సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. కలిపి అమ్మేది అయితే అలాగే పోయాలి. డబ్బా మీద చదవండి. దుకాణంలో బ్యాటరీ నీళ్ళ డబ్బా, బ్యాటరీ యాసిడ్ డబ్బా ప్రక్కప్రక్కనే ఒకే తీరున ఉంటాయి, ఏది తీసుకున్నారో రెండుసార్లు చూసుకోండి.

మెల్లగా నిండుగా పోసి, ఊడదీసిన బ్యాటరీ వైరు బిగించి, హీటరు ఉన్న బండి అయితే దానిని వేడి వైపుకు త్రిప్పి, మూత తీసి ఉంచి ఇంజను స్టార్టు చేయండి. పై పైపును అప్పుడప్పుడు నొక్కుతుంటే గాలి బుడగలు బయటికి వస్తాయి, నీటి మట్టం దిగుతుంది, మరల పోయండి. ముఖం ఆ మూతి మీదికి వంచకండి. కాసేపటికి పై పైపు వేడెక్కుతుంది, అంటే థర్మోస్టాటు తెరుచుకున్నదన్నమాట. బుడగలు తగ్గి మట్టం నిలిచాక మూత బిగించండి. గాలి లోపల మిగిలిపోతే నీళ్ళు నిండుగా ఉన్నట్టే కనిపించి ఇంజను వేడెక్కుతుంది. రెండు మూడు రోజులు ఉదయాన్నే మట్టం చూసి, చల్లగా ఉన్నప్పుడు క్లిప్పులు మరొకసారి బిగించుకోండి.

బుడగలు ఎంతసేపటికీ ఆగకపోయినా, ఆయిలు మజ్జిగ రంగులోకి మారినా, సైలెన్సరు నుండి తెల్లని పొగ విడవకుండా వస్తున్నా, చల్లని ఇంజను స్టార్టు చేసిన నిమిషంలోనే పై పైపు రాయిలాగా బిగుసుకున్నా, జబ్బు హెడ్ గాస్కెట్‌లో ఉన్నదని అనుమానించాలి. ఇంటి పని అక్కడితో ఆపి మెకానిక్కును పిలవండి.

దారిలో పైపు పగిలితే

టెంపరేచరు ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని నడపకూడదు. ప్రక్కకు ఆపి ఇంజను ఆపివేయండి. బాగా వేడెక్కిన ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరిస్తే ఇనుము పగుళ్ళు ఇస్తుంది. చల్లారిన తరువాత పైపును పొడిగా తుడిచి, సైకిలు ట్యూబును పొడుగాటి పట్టీగా కోసి, చీలికకు ఇటు రెండంగుళాలు అటు రెండంగుళాలు వచ్చేటట్లు బిగలాగుతూ నాలుగైదు చుట్లు చుట్టి, రెండు ప్రక్కలా గట్టిగా కట్టాలి. మామూలు కరెంటు టేపు తడికి, వేడికి నిలవదు. పైపు చివరలోనే చీలి, పొడవు కొంచెం ఎక్కువగా ఉంటే ఆ అంగుళం కోసివేసి మరల తొడగవచ్చును. తరువాత మంచినీళ్ళు నింపి, వేగం తగ్గించి, ఏ.సి. ఆపి, ముల్లు మీద కన్ను వేసి, దగ్గరలోని గ్యారేజీ వరకు మాత్రమే పోవాలి.

లారీ డ్రైవర్లు రేడియేటరులో పసుపు వేయడం మనలో చాలామంది చూచియున్నారు. రేడియేటరు గొట్టంలో సూదిమొనంత రంధ్రం ఉంటే పసుపు అక్కడ చేరి కొంతసేపు ఆపుతుంది, నిజమే. రబ్బరు పైపు చీలికకు మాత్రం అది ఏమీ చేయదు. తరువాత అదే పసుపు మడ్డిగా మారి మంచి గొట్టాలను కూడా మూసివేస్తుంది. కూరలో వేసుకోవడమే దానికి తగిన పని.

పాత బండి ఉన్నవారు డిక్కీలో ఐదు లీటర్ల మంచినీళ్ళ డబ్బా, రెండు గేరు క్లిప్పులు, స్క్రూడ్రైవరు, ప్లయరు, బ్లేడు, సైకిలు ట్యూబు పట్టీ, టార్చిలైటు ఒక సంచిలో వేసి ఉంచుకోవచ్చును. క్లిప్పులు మీ పైపు కొలతవేనా అని ఇంటి దగ్గరే తొడిగి చూసుకోండి. పైపు పగలకముందే మార్చినవారు ఆ పాత పైపును కూడా అదే సంచిలో పెట్టండి, రాత్రివేళ దుకాణాలు లేని దారిలో అది కొంత దూరం తీసుకుపోతుంది.